అన్న సాగు చేసినంత మాత్రాన అప్ప వాటా పోదు

సంపాదకుడు గారికి,

మాది పలాస దగ్గర ఉద్దానం పల్లె. నాన్న స్వార్జితం రెండెకరాల కొబ్బరి, జీడి తోట. వీలునామా రాయకుండానే 2003లో పోయారు. మా అప్ప, బావ బతుకుతెరువుకి పోర్ట్‌బ్లెయిర్ వెళ్లిపోయారు, తోట అన్నయ్యే చూసుకున్నాడు, పాసు పుస్తకం కూడా ఆయన ఒక్కడి పేరునే వచ్చింది. 2018లో తిత్లీ తుఫానుకి చెట్లు కూలినప్పుడు పరిహారమూ ఆ పేరునే పడింది. అప్పుడు మేమేమీ అనలేదు, చెట్లు పోయి ఏడుస్తున్న మనిషి దగ్గర వాటాల మాటేమిటని. మొన్న సంక్రాంతికి అప్ప వచ్చి తన భాగం అడిగితే "పన్నెండేళ్లు దాటితే సాగు చేసినోడిదే భూమి, నీకింకేటీ లేదు" అన్నాడు. అది నిజమేననుకుని కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

అది నిజం కాదండీ. 1963 కాలపరిమితి చట్టంలో పన్నెండేళ్ల మాట ఉంది గానీ అది మన హక్కును కాదని, బాహాటంగా భూమి పట్టుకుని కూర్చున్నవాళ్ల సంగతి. వారసుల మధ్య లెక్క వేరు. ఒకరు దున్నుతున్నా అది అందరి తరఫున దున్నినట్టే అని సుప్రీంకోర్టు దాదాపు ఏడు దశాబ్దాల కిందటే పి. లక్ష్మిరెడ్డి కేసులో చెప్పింది. ఎన్నేళ్లు ఫలసాయం ఒక్కడే తిన్నాడన్నది ఒక్కటే చాలదు, "నీకు వాటా లేదు" అని మిగతావాళ్లకు తెలిసేలా కాదన్నాకే ఆ లెక్క మొదలవుతుంది. పాసు పుస్తకంలో పేరు ఎక్కినంత మాత్రాన హక్కు పుట్టదని కూడా కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. వీలునామా లేని తండ్రి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా 1956 నుంచీ ఉంది.

నా భయం ఇంకొకటి. సంక్రాంతి నాడు అన్నయ్య ముఖం మీదే కాదన్నాడు కదా, ఇక అప్ప ఊరుకుంటే ఆ రోజు నుంచే పన్నెండేళ్లు లెక్కపెట్టొచ్చు. అందుకే వెంటనే నోటీసు ఇప్పించమని ఫోన్ చేసి చెప్పాను. ఖర్చుకి భయపడింది. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలుని ఇస్తుంది, 15100కి ఫోన్ చేస్తే చాలు, ఈ సంగతి మా పల్లెలో ఒక్కరికీ తెలీదు.

మా జిల్లాలో చాలా ఇళ్లలో ఎవరో ఒకరు వలసలోనే ఉంటారు. తండ్రి పోయాక భూమి ఒకరి పేరున మార్చమని అర్జీ వస్తే, మిగతా వారసులు ఎక్కడున్నా రెవెన్యూవాళ్లు ఫోన్ చేసి అడగాలి, వాళ్ల సంతకం లేకుండా మార్చకూడదు. చేయలేమంటే అందరి పేర్లూ కలిపి ఎక్కించండి.

— ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా