రాహుకాలం కింద ఆల్గాల్‌కీ ఒక లైను ఇవ్వండి

సంపాదకుడు గారికి,

సూర్యగ్రహణమో చంద్రగ్రహణమో ఉందంటే చాలు, పట్టువిడుపు వేళలు, ఏ రాశివాళ్ళు చూడకూడదు, గర్భిణులు ఏం చేయకూడదు అంటూ పత్రికలు వారం ముందు నుంచే హడావుడి చేస్తాయి. దాదాపు మూడు రోజులకోసారి పట్టే గ్రహణం ఒకటుంది. దాని ఊసే ఎవరూ ఎత్తరు.

నేను చెప్పేది పర్సియస్ నక్షత్రమండలంలోని ఆల్గాల్ అనే నక్షత్రం గురించి. కార్తీకం నుంచి మాఘం దాకా రాత్రి తొలి జామున ఉత్తరాకాశంలో, కృత్తికలకూ కాసియోపియా నక్షత్రమండలానికీ మధ్య కనిపిస్తుంది. కంటికి ఒకటే చుక్క గానీ అక్కడ రెండు నక్షత్రాలు చాలా దగ్గరగా, 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకోసారి ఒకదాన్నొకటి చుట్టేస్తుంటాయి. మసకగా ఉండే తోడు నక్షత్రం రెండోదానికి అడ్డొచ్చిన ప్రతిసారీ వెలుగు సుమారు మూడో వంతుకు పడిపోతుంది. తగ్గడానికి ఐదు గంటలు, మళ్ళీ పుంజుకోవడానికి ఐదు గంటలు. టెలిస్కోప్ అక్కర్లేదు. ఈ లెక్క తేల్చి 1783లో లోకానికి చెప్పిన జాన్ గుడ్రిక్ ఇంగ్లండ్‌లోని యార్క్‌లో ఉండే చెవిటి కుర్రాడు, అప్పటికి పద్దెనిమిదేళ్ళవాడు.

అసలు తమాషా ఆ తోడు నక్షత్రానిది. బరువైన నక్షత్రం ఇంధనాన్ని త్వరగా తగలేసుకుని ముందు ముసలిదవ్వాలి. ఇక్కడ సూర్యుడికి మూడింతలు బరువున్నది ఇంకా వయసులోనే ఉంది, సూర్యుడంత బరువు కూడా లేనిది ఉబ్బిపోయి ముసలిదైంది! ఒకప్పుడు ఈ తోడుదే ఎక్కువ బరువు. అది ఉబ్బినప్పుడు పైపొరల వాయువును పక్కది లాగేసుకుంది. ఆస్తంతా రాసిచ్చేసి వసారాలో కూర్చున్న తండ్రిలా మిగిలింది.

ఇవి మనవాళ్ళకు తెలియనివీ కావు. ఉస్మానియా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు జపాల్-రంగాపూర్ వేధశాలలో 48 అంగుళాల టెలిస్కోప్‌తో ఇలాంటి గ్రహణ జంటల వెలుగును ఏళ్ళ తరబడి కొలిచారు. ఆ పని బడిపిల్లల దాకా రాలేదు, అంతే.

నేను కోరేది చిన్నదే. రోజూ రాహుకాలం, వర్జ్యం వేసే చోట ‘ఈ రాత్రి ఫలానా గంటకు ఆల్గాల్ బాగా మసకబారుతుంది’ అని శీతాకాలమంతా ఒక లైను వేయండి. లెక్క కష్టమేం కాదు. ఒక రాత్రి ఒంటిగంటకు పడితే మూడు రాత్రుల తర్వాత పది లోపే పడుతుంది. దాని వెలుగును పక్క నక్షత్రమండలంలోని అల్మాక్ అనే చుక్కతో పోల్చి, గంటకోసారి నోట్‌బుక్‌లో రాసుకోమని సైన్స్ మాస్టార్లు చెబితే సరిపోతుంది. శనివారం రాత్రి పడే గ్రహణాలను మాత్రం నాలుగు రోజులు ముందే వేయండి. మర్నాడు బడి ఉండదు కాబట్టి పిల్లలను మేలుకోనిస్తారు.

— ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్, ఖమ్మం