రెండో సిట్టింగ్‌కి ముందు

విశాఖపట్నం,
ఆదివారం రాత్రి

చిన్నా,

మొన్న ఫోన్లో సగంలో ఆగిపోయిన నీ పంటి రూట్ కెనాల్ సంగతి ఎత్తగానే "సిగ్నల్ సరిగ్గా లేదు నాన్నా" అని పెట్టేశావు. సిగ్నల్ బాగానే ఉంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను, దీన్ని కట్ చేయలేవు కదా.

మందుల షాపు కౌంటర్ వెనక కూర్చుని ఇన్నేళ్ళుగా చూస్తున్నదే ఇది. ఒళ్ళు కాస్త వెచ్చబడితే డాక్టర్ దగ్గరికి పరిగెత్తేవాళ్ళు కూడా పన్ను దగ్గరికొచ్చేసరికి దవడ పట్టుకుని నా దగ్గరికే వస్తారు. "ఏదైనా బిళ్ళ ఇవ్వండి, ఈ వారం గడిస్తే చాలు" అంటారు. మన పోర్టులో రోజూ క్రేన్ ఎక్కి దిగే మనిషి ఒకాయన, పళ్ళ డాక్టర్ కుర్చీ తలుచుకుంటేనే చెమటలు పడతాయన్నాడు. కాబట్టి నిన్ను పిరికివాడని నేనేమీ అనుకోవట్లేదు. మీ అమ్మమ్మ చెప్పిన మాట మాత్రం మనసులోంచి తీసేయ్. పన్ను జోలికి వెళ్తే కంటిచూపు పోతుందన్నది ఉత్తమాట. చూపు నరం వేరు, పళ్ళ నరం వేరు.

నీ భయం ఊరికే వచ్చింది కాదు. అక్కడ హైదరాబాద్‌లో ఇంజెక్షన్ ఇచ్చాక కూడా మెషిన్ తగలగానే ప్రాణం పోయినంత పని అయిందన్నావు. చెప్తే "కాస్త ఓర్చుకోండి" అన్నారన్నావు. అది వినగానే నాకూ ఒళ్ళు మండింది. కానీ అలా ఎందుకైందో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. నువ్వు వెళ్ళిన రోజున ఆ పన్ను బాగా వాచి ఉంది. ఇన్‌ఫెక్షన్ పట్టిన చోట ఆమ్లగుణం పెరుగుతుంది, అక్కడ లిగ్నోకేయిన్ అనే మత్తు మందు నరంలోకి సరిగా దిగదు. పైగా కింది దవడ పళ్ళకి మందు పన్ను పక్కన కాదు, దవడ వెనక మూలన నరం దగ్గర ఇస్తారు. అది పట్టడానికి పది పదిహేను నిమిషాలైనా ఆగాలి. పెదవి మొద్దుబారినంత మాత్రాన పన్ను కూడా మొద్దుబారిందని కాదు. ఓపికున్న డాక్టరైతే చల్లటి స్ప్రే దూదికి కొట్టి పన్నుకి ఆనించి చూస్తారు, జివ్వుమంటే ఇంకో డోసు ఇస్తారు. నీకు ఆ చూడటమే జరగలేదు. అంతేగానీ, నువ్వు అనుకుంటున్నట్టు నీ ఒంటికి మత్తు మందు పనిచేయకపోవడం కాదు.

ఇంకో విషయం. ఇంజెక్షన్ ఇవ్వగానే గుండె దడదడలాడి, హార్ట్ ఎటాక్ వస్తుందేమో అనిపించిందని మీ అమ్మకి చెప్పావట. ఆ మందులో కొద్దిగా అడ్రినలిన్ కలుపుతారు. రక్తనాళాలు ముడుచుకుని మందు ఉన్నచోటే ఎక్కువసేపు ఉండాలని అలా చేస్తారు. అందులో ఓ చుక్క రక్తంలో కలిస్తే కొన్ని నిమిషాలు గుండె వేగంగా కొట్టుకుంటుంది, చేతులు వణుకుతాయి. భయపడితే నీ ఒళ్ళు తయారుచేసుకునేదీ ఆ అడ్రినలినే. రెండూ కలిసి నిన్ను హడలెత్తించాయి. ఈసారి దడ మొదలైతే అది అడ్రినలిన్ అని గుర్తుపెట్టుకో. ముందే డాక్టర్‌తో చెప్పు, మెల్లగా ఇస్తారు. మెల్లగా ఇస్తే నొప్పీ తక్కువే.

ఇప్పుడు మిగిలిన పని వేరు. లోపలి నరం చాలావరకు మొదటిరోజే తీసేశారు. తాత్కాలిక ఫిల్లింగ్ తీసి, పంటి వేళ్ళలో నరం ఉండే సన్నటి కాలువలు కడిగి, ఆరబెట్టి, గట్టాపెర్చా అనే రబ్బరులాంటి పదార్థంతో నింపి మూస్తారు. ఆ తర్వాత పన్ను మీద తొడుగు, అదే క్యాప్. నొప్పే ఉండదని మాటివ్వను. ఏ మూలో కాస్త నరం మిగిలిపోయి ఉంటే చురుక్కుమనొచ్చు. కానీ ఆ రోజు పడ్డ బాధ మళ్ళీ ఉంటుందని అనుకోను.

వాయిదా వేయడమే నాకు నచ్చట్లేదు. తాత్కాలిక ఫిల్లింగ్ పేరుకి తగ్గట్టే కొన్ని వారాలకే. అది అరిగిపోతే ఉమ్మి, దాంతో సూక్ష్మజీవులు మళ్ళీ లోపలికి దిగుతాయి, చేసిన పనంతా మొదటికొస్తుంది. క్యాప్ లేని పన్ను నిలువునా చీలితే ఇక పీకడమే. దసరాకి వచ్చినప్పుడు చూద్దాం అంటున్నావు, పన్ను దసరాదాకా ఆగాలి కదా.

నొప్పి లేచినప్పుడల్లా కెటోరోలాక్ వేసుకుంటున్నావని తెలిసింది. అది ఐదు రోజులకి మించి వాడే మందు కాదు, కడుపునీ కిడ్నీలనీ పాడుచేస్తుంది. యాంటీబయాటిక్ కోర్సు వాడితే సరిపోతుందా అని అడిగావు. నరం చచ్చిపోయిన పంటి లోపలికి రక్తం వెళ్ళదు. రక్తం వెళ్ళని చోటికి మందెలా వెళ్తుంది? ముందురోజు రాత్రి భయం తగ్గడానికి అల్ప్రజోలం బిళ్ళ ఒకటి ఇవ్వమన్నావు చూడు, చీటీ లేకుండా బయటివాళ్ళకి ఇవ్వను, నీకూ ఇవ్వను. అవసరమనుకుంటే డాక్టరే రాస్తారు. నైట్రస్ ఆక్సైడ్ వాయువు పీల్పించి కాస్త తేలికపరిచే పద్ధతీ ఉంది కానీ అన్ని క్లినిక్కుల్లో ఉండదు.

ఎంవీపీ కాలనీలో ఒక డాక్టరమ్మతో మాట్లాడాను. నీ కథంతా విని ఆవిడ అడిగిన మొదటి మాట "చెయ్యెత్తితే ఆపారా?" అని. కుర్చీలో పడుకున్నాక నోరు తెరిచి ఉంటుంది, మాట రాదు. అందుకే ఎడమ చెయ్యి పైకెత్తితే మెషిన్ ఆపేస్తానని ముందే ఒప్పందం చేసుకుంటారట. నొప్పి లేకపోయినా ఊరికే ఒకసారి ఎత్తి చూడు, నిజంగా ఆపుతారో లేదో తేలిపోతుంది. నాకు ఈ ముక్క బాగా నచ్చింది. నీకు నొప్పికంటే, ఆపమన్నా ఆపలేదన్నదే ఎక్కువ గుచ్చుకుందని నా అనుమానం. కూర్చోగానే సిగ్గుపడకుండా "నాకు చాలా భయం, పోయినసారి ఇలా అయింది" అని చెప్పేయ్. చెప్పకపోతే వాళ్ళకెలా తెలుస్తుంది?

పాటలు పెట్టుకుంటానంటే ఒక్క చెవికే పెట్టుకో, రెండో చెవికి డాక్టర్ మాట వినిపించాలి. ఊపిరి పీల్చడం కంటే వదలడం నిదానంగా చెయ్యి. భయపడ్డప్పుడు భుజాలు చెవులదాకా లేస్తాయి, అవి దించు. ఆ గదిలో వాసనకే కడుపులో తిప్పుతుందన్నావు. చాలావరకు అది యూజినాల్, అంటే మనింట్లో పులావులో పడే లవంగాల నూనెలో ఉండేదే! లవంగం వాసనకి ఇంట్లో ఆకలేస్తుంది, అక్కడ వాంతి వస్తుందా?

ఖాళీ కడుపుతో వెళ్ళకు, కళ్ళు తిరుగుతాయి. రెండు ఇడ్లీలు తిని వెళ్దాం. ఆ తర్వాత మూడు నాలుగు గంటలు పెదవి మొద్దుగా ఉంటుంది, తెలియకుండా కొరుక్కునే, కాల్చుకునే ప్రమాదం ఉంది కాబట్టి వేడి టీ కూడా వద్దు. బీచ్‌రోడ్డులో మురీ మిక్చర్ క్యాప్ పడేదాకా మర్చిపో, పల్లీ ఒక్కటి చాలు ఫిల్లింగ్ ఊడటానికి. మాడుగుల హల్వా తెచ్చి పెడతానంటోంది మీ అమ్మ. నేను వద్దన్నాను, వినేలా లేదు. తింటే రెండోవైపు నమలు.

శుక్రవారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే శనివారం తెల్లారేసరికి ఇక్కడుంటావు. డాక్టరమ్మ పదిన్నరకి టైమిచ్చారు. పాత ఎక్స్‌రే, వాళ్ళిచ్చిన కాగితాలు తప్పకుండా తీసుకురా, ఎన్ని కాలువలు శుభ్రం చేశారో వాటిని బట్టే తెలుస్తుంది. కావాలంటే నేను లోపలికొచ్చి పక్కన కూర్చుంటాను, వద్దంటే బయటే పేపరు చదువుకుంటాను, అది నీ ఇష్టం. రాలేనంటే గురువారంలోపు చెప్పు, ఆ టైము ఇంకెవరికైనా ఇస్తారు. క్యాప్ ఏ రకం వేయించాలో ఆరోజు అక్కడే మాట్లాడుకుందాం, డబ్బుల గురించి ఆలోచించకు.

మీ అమ్మ అడగమంటోంది, ఉతకాల్సిన దుప్పట్లు ఏమైనా తెస్తున్నావా?

నాన్న