కాలమ్ ప్రయోగాన్ని రికార్డు పుస్తకానికే పరిమితం చేయవద్దు

సంపాదకులకు,

బయోటెక్నాలజీ, బయోకెమిస్ట్రీ పీజీ విద్యార్థుల రికార్డు పుస్తకాల్లో ధనాయాన వినిమయ క్రోమటోగ్రఫీకి (విద్యుదావేశాన్ని బట్టి ప్రోటీన్లను వేరుచేసే పద్ధతికి) చక్కని బొమ్మ తప్పక ఉంటుంది. కానీ ఎగ్జామినర్‌గా వెళ్లినప్పుడు అడిగితే, ఆ కాలమ్‌ను, అంటే రెజిన్ అనే సన్నని పూసలు పోసే గొట్టాన్ని, తమ చేత్తో నింపామని చెప్పగలిగినవారు అరుదుగా తారసపడుతున్నారు. రెజిన్ ఖరీదెక్కువని, పంపులూ డిటెక్టర్లూ ఉన్న యంత్రం తమకు లేదని కళాశాలలు చెబుతున్నాయి. మొదటి మాటలో కొంత నిజముంది, రెండోది సాకు.

ఈ రెజిన్ పూసలకు రుణావేశం గల సమూహాలు అతికి ఉంటాయి. కార్బాక్సీమిథైల్ సమూహమైతే దాన్ని బలహీన రకమని, సల్ఫోప్రొపైల్ అయితే బలమైన రకమని అంటారు. బఫర్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం) పీహెచ్ ప్రోటీన్ సమవిద్యుత్ బిందువు కన్నా, అంటే దాని నికర ఆవేశం సున్నా అయ్యే పీహెచ్ కన్నా, తక్కువగా ఉంటే ప్రోటీన్ ధనావేశంతో పూసలను అంటిపెట్టుకుంటుంది. ఉప్పు గాఢత పెంచితే సోడియం అయాన్లు ఆ చోటు ఆక్రమించి దాన్ని కిందికి తోసేస్తాయి.

దీన్ని చూపడానికి కోడిగుడ్డు తెల్లసొన చాలు. అందులోని లైసోజైమ్ (బాక్టీరియా కణకవచాన్ని ఛేదించే ఎంజైమ్) సమవిద్యుత్ బిందువు దాదాపు 11, అత్యధికంగా ఉండే ప్రోటీన్ ఓవాల్బుమిన్‌ది సుమారు 4.5. తెల్లసొనను పీహెచ్ 8 బఫర్‌తో పలుచన చేసి, గుడ్డలో వడగట్టి, కొద్ది మిల్లీలీటర్ల రెజిన్ నింపిన గాజు గొట్టంలో పోస్తే ఓవాల్బుమిన్ ఆగకుండా దిగిపోతుంది, లైసోజైమ్ నిలిచిపోతుంది. దాన్ని 0.5 మోలార్ ఉప్పు నీటితో దించి, మైక్రోకాకస్ బాక్టీరియా కణాలు కలిపిన మబ్బు ద్రావణంలో కొన్ని చుక్కలు వేస్తే అది నిమిషాల్లో తేటపడుతుంది. ఆ మార్పును మామూలు కలరీమీటర్ మీదే కొలవవచ్చు. సైటోక్రోమ్ సి అనే ఎర్రని ప్రోటీన్ దొరికితే ఇంకా మంచిది: కాలమ్ పైభాగాన ఎర్రటి పట్టీగా నిలిచి, ఉప్పు పోయగానే అది కిందికి జారడం వెనుక బెంచీ విద్యార్థికీ కనిపిస్తుంది. జీవరసాయన శాస్త్రవేత్తలు స్టాన్‌ఫర్డ్ మూర్, విలియం స్టైన్ బృందం 1950ల తొలినాళ్లలో రైబోన్యూక్లియేజ్ అనే ఎంజైమ్‌ను ఇలాంటి రెజిన్ మీదే శుద్ధి చేసినప్పుడు నేటి కంప్యూటర్ యంత్రాలేవీ లేవు.

ఖరీదు సంగతికి వస్తే, రెజిన్ ఒకసారి వాడి పారేసే సరుకు కాదు. గాఢమైన ఉప్పు నీటితో, తరువాత పలుచని సోడియం హైడ్రాక్సైడ్‌తో కడిగి, తటస్థ స్థితికి తెచ్చి, 20 శాతం ఇథనాల్‌లో ఫ్రిజ్‌లో ఉంచితే ఎన్నో బ్యాచ్‌లకు పనికొస్తుంది. నేను చూసిన ఒక ల్యాబ్‌లో మాత్రం కాలమ్ మూత తీసి వదిలేయడంతో జెల్ ఎండి పగుళ్లు తేలింది. రెజిన్‌లో వాడే ఆగరోజ్ జెల్ పూసలు అలా ఎండితే మళ్లీ మునుపటిలా కావు. అక్కడ కొరవడింది డబ్బు కాదు.

హైదరాబాద్ పరిసరాల్లోని బయోఫార్మా సంస్థల్లో ఉద్యోగాలు ఆశించే మన విద్యార్థులకు ఈ పని రావాలి. మందులుగా వాడే మోనోక్లోనల్ యాంటీబాడీల తయారీలో, వాటిని తొలుత పట్టి వేరుచేసే ప్రోటీన్ ఎ దశ తరువాత, గుమికూడిన అణువులను తొలగించడానికి ఎక్కువగా వాడేది ధనాయాన వినిమయ కాలమ్‌నే. కనుక రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల పాఠ్యప్రణాళికా సంఘాలు లైసోజైమ్ ప్రయోగాన్ని తప్పనిసరి చేసి, రెజిన్‌ను కడిగి భద్రపరచడాన్ని కూడా అందులో చేర్చి, దానికి విడిగా మార్కులు కేటాయించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక జీవరసాయన శాస్త్ర అధ్యాపకుడు,
వరంగల్