అంగిలి చూసేవాళ్ళు కావాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

నేను శ్రీకాకుళంలో ఒక పళ్ళ ఆసుపత్రిలో తొమ్మిదేళ్ళుగా డెంటల్ హైజీనిస్టుగా పనిచేస్తున్నాను. గార తీయడం, పళ్ళకు మెరుగు పెట్టడం, బ్రష్ ఎలా పట్టాలో నేర్పడం నా పని. సాయంత్రానికి మెడ, మణికట్టు లాగేస్తాయి. అందరూ నర్సమ్మా అని పిలుస్తారు, దానికి నాకు బాధ లేదు. కానీ 1948 నాటి దంతవైద్యుల చట్టంలోనే నిర్వచనం ఉన్న ఈ పనికి మా వైపు ప్రభుత్వాసుపత్రిలో పోస్టుందా అని అడిగితే, అసలు అలాంటి పోస్టే లేదన్నారు. అదీ నా బాధ.

మొన్న నరసన్నపేట వైపు నుంచి ఒక మామ్మ వచ్చింది. "గార తీస్తే పళ్ళు కదిలిపోతాయంట కదేటమ్మా?" అని కుర్చీలో బిగుసుకుపోయింది. ఈ మాట వినని రోజు నాకు లేదు. చేతికి అద్దమిచ్చి, కింది పళ్ళ వెనక సున్నపు గట్టులా పేరుకున్నది చూపించాను. పళ్ళను పట్టి ఉంచేది ఎముక, గార కాదు. గార కింద చేరిన క్రిములతోనే చిగురు వాచి, ఎముక కరుగుతుంది. గార పోయాక కనిపించే సందులు అది పూడ్చి దాచినవే.

తల వెనక్కి వాల్చమని చిన్న అద్దం లోపల పెట్టి చూస్తే అంగిలంతా తెల్లగా మందం కట్టి, మధ్యలో ఎర్రటి చుక్కలు. అడ్డపొగ, అంటే నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట, తాగుతావా అని అడిగితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెళ్ళి కాకముందు నుంచీ తాగుతోందట. నొప్పి లేదు కదా అని ఎవరికీ చూపలేదు. డాక్టరు గారు చిన్న ముక్క తీసి క్యాన్సర్ ఉందేమో చూసే పరీక్షకు రాసిచ్చారు. మామ్మ మళ్ళీ రాలేదు.

ఈ అడ్డపొగ అలవాటు మన ఆడవాళ్ళ అంగిలికి ఏం చేస్తుందో కొత్తగా తెలియాల్సింది లేదు. 10,169 మంది పల్లె జనం నోళ్ళు పరీక్షించిన అధ్యయనం 1971లోనే అచ్చయింది. 30 ఏళ్ళు దాటినవాళ్ళకు బీపీ, షుగర్‌తో పాటు నోటి క్యాన్సర్ పరీక్ష కూడా చేయాలని ప్రభుత్వ కార్యక్రమమూ ఉంది. కానీ మగ డాక్టరు ముందు కొంగు తీయడానికి సిగ్గుపడే మామ్మను నోరు తెరిపించాలంటే, పక్కన కూర్చుని ఓపిగ్గా మాట్లాడే మనిషి కావాలి.

టెక్కలి, పాతపట్నం, సోంపేట వంటి చోట్ల ప్రభుత్వాసుపత్రికి ఒక్కొక్క హైజీనిస్టునైనా వేయండి. ఈలోగా ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తలకు ఒక టార్చి, నోట్లో పెట్టి చూసే చిన్న అద్దం ఇచ్చి, తెల్లమచ్చ గానీ రెండు వారాలైనా మానని పుండు గానీ కనిపిస్తే ఎక్కడికి పంపాలో చెప్పండి. అద్దం ఎలా పట్టాలో నేర్పడానికి నా ఆదివారాలు ఇస్తాను.

ఇట్లు,
ఒక డెంటల్ హైజీనిస్టు,
శ్రీకాకుళం