పొర పలచబడితే అన్నీ నీటికాసులేనా?

సంపాదకులకు,

కంటి స్కాన్ కాగితం మీద ఎర్రరంగు కనబడిందంటే, కంటి వెనక తెర అయిన రెటీనాలో నరాల పొర మామూలుకన్నా పలచగా ఉందని గుర్తు. అది చూడగానే నీటికాసులని (గ్లకోమా, ఎక్కువగా కంటి ఒత్తిడి పెరిగి చూపు నరం దెబ్బతినే జబ్బు) తేల్చేస్తున్నారు. ఇక్కడ పెరంబూరులో మా బావగారికి అదే జరిగింది. కంటి ఒత్తిడి రెండు వైపులా 14. మామూలు లెక్క 10 నుంచి 21. (ఒత్తిడి బాగున్నా నీటికాసులు రావచ్చు, కాదనను.) ఓ క్లినిక్‌లో చుక్కల మందు రాసి పంపేశారు. వాడుతున్న మాత్రలేమిటని అడిగినవాళ్లు లేరు.

కనిపెట్టింది మా అక్క. బుట్టలో పండు టమాటా ఏదో, పచ్చిది ఏదో ఆయన పోల్చుకోలేకపోతున్నారు! క్షయకు వేసుకుంటున్న ఇథాంబుటాల్ చూపు నరాన్ని దెబ్బతీసిందని మరో డాక్టరు చెప్పి, వెంటనే ఆపించారు. విటమిన్ బి12 లోపం, పిట్యూటరీ (మెదడు అడుగునున్న గ్రంథి) గడ్డ, మల్టిపుల్ స్క్లెరోసిస్ (మెదడు, నరాల జబ్బు) వల్ల కూడా రెటీనా నరాల పొర పలచబడుతుంది. మైనస్ పవర్ బాగా ఎక్కువున్న వాళ్లకైతే, జబ్బు లేకపోయినా స్కాన్ ఎర్రగా చూపించవచ్చు. పోయిన నరప్పోగు మళ్లీ మొలవదు.

1819లోనే ఎగ్మూరు కంటి ఆసుపత్రికి పునాది పడిన ఊరిది. ఇథాంబుటాల్ ఇచ్చే ప్రతిచోటా మొదటిరోజే చూపు, రంగుల పరీక్ష చేసి, నెలనెలా మళ్లీ చూడాలి. దానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు, రంగులు పోల్చగలరో లేదో చూసే రంగు చుక్కల బొమ్మల పుస్తకం చాలు.

– ఒక పాఠకుడు, పెరంబూరు, చెన్నై