పగడాల అక్వేరియంలో నాచుకు ‘సున్నా’ మందు కాదు

సంపాదకులకు,

అయ్యా,

గత ఆదివారం అనుబంధంలో ఉప్పునీటి అక్వేరియంల గురించి వచ్చిన వ్యాసంలో, తొట్టెలో నాచు పెరిగితే నీటిలోని నైట్రేట్‌నూ ఫాస్ఫేట్‌నూ సున్నాకు దించాలనీ, అప్పటికీ తగ్గకపోతే యాంటీబయాటిక్ వేయాలనీ సలహా ఇచ్చారు. చేపలు మాత్రమే ఉన్న తొట్టె సంగతి ఎలా ఉన్నా, పగడాలు పెంచేవారు దీన్ని పాటిస్తే నాచుకంటే ముందు పగడాలే పోతాయి.

పగడపు కణజాలంలో ఉండే జూజాంథెల్లే అనే సూక్ష్మజీవులు వెలుతురుతో ఆహారం తయారుచేసి పగడాన్ని పోషిస్తాయి. వాటికీ నత్రజని, భాస్వరం కావాలి; నైట్రేట్, ఫాస్ఫేట్ వాటి రూపాలే. నత్రజని ఎక్కువై భాస్వరం కరువైతే పగడాలు వేడిని, తీవ్రమైన వెలుతురును తట్టుకోలేక తెల్లబారతాయని సౌథాంప్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకుల బృందం 2013లోనే ప్రచురించింది. సముద్రంలోని పగడపు దిబ్బల దగ్గర నీటిలో ఈ పోషకాలు అత్యల్పంగా ఉంటాయన్నది నిజమే కానీ, అక్కడ ప్రవాహాలు రాత్రింబవళ్లు మోసుకొచ్చే ప్లవకాల (నీటిలో తేలియాడే సూక్ష్మజీవుల) మేత మన తొట్టెలో ఉండదు. అందుకే చాలామంది నైట్రేట్‌ను లీటరుకు 2 నుంచి 10 మిల్లీగ్రాములు, ఫాస్ఫేట్‌ను 0.03 నుంచి 0.1 మిల్లీగ్రాముల మధ్య నిలకడగా ఉంచుతారు. రెండూ సున్నాకు చేరిన తొట్టెల్లో తరచూ డైనోఫ్లాజెల్లేట్లు అనే ఏకకణ జీవులు గోధుమరంగు జిగురులా, బుడగలతో రాళ్లను కప్పేస్తాయి; వాటిని వదిలించుకోవడం పచ్చనాచుతో వేగడంకంటే కష్టం.

అసలు పరీక్షలో సున్నా వచ్చినంత మాత్రాన తొట్టెలోకి పోషకాలు రావడం లేదని కాదు. మేత ద్వారా వచ్చిన ఫాస్ఫేట్‌ను నాచు ఎప్పటికప్పుడు పీల్చేస్తే నీటిలో కొలవడానికి ఏమీ మిగలదు. పైగా రాళ్లు కొంత ఫాస్ఫేట్‌ను పట్టి ఉంచి, నీటిలో అది తగ్గినప్పుడు మెల్లగా వదులుతాయి. కాబట్టి ఒక్క అంకెను చూసి హడావిడిగా ఫాస్ఫేట్ రిమూవర్ పోయకుండా, వారాల తరబడి కొలతలు రాసి పెట్టుకుని, మేత తగ్గించడం, వ్యర్థాలను నురగతో బయటకు తీసే ప్రొటీన్ స్కిమ్మర్‌ను శుభ్రంగా ఉంచడం, పెరిగిన నాచును చేత్తో పీకి బయట పారేయడం వంటి పనులతో నెమ్మదిగా దించాలి.

తొట్టెలో ఏ నీరు పోయాలన్న ప్రస్తావనే వ్యాసంలో లేదు. తాగునీటిలో నైట్రేట్‌కు భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) పరిమితి లీటరుకు 45 మిల్లీగ్రాములు, తెలంగాణలో చాలాచోట్ల బోరు నీరు ఆ గీత కూడా దాటుతుంది. అలాంటి నీటిలో ఉప్పు కలిపి పోస్తూ, నాచు ఎందుకు వస్తోందని ఆశ్చర్యపోవడంలో అర్థం లేదు. ఇంట్లోని ఆర్వో యంత్రాల్లో చాలావాటిలో ఖనిజాలను తిరిగి కలిపే అమరిక ఉంటుంది కనుక, నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్‌తో చూసుకోనిదే వాటినీ నమ్మకూడదు.

పోషకాల ధ్యాసలో నాచును మేసే జీవులనూ మరిచిపోతుంటాం. అతిగా చేపలు పట్టడంతో, 1980లో వచ్చిన తుఫానుతో అప్పటికే దెబ్బతిన్న జమైకా దిబ్బల్లో, 1983లో వచ్చిన వ్యాధికి నాచును మేసే డయాడెమా జాతి సీ అర్చిన్లు (ముళ్లుండే సముద్రజీవులు) దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ తరువాత పదేళ్లకు, ఒకప్పుడు సగానికి పైగా ఉన్న పగడాల విస్తీర్ణం 5 శాతంకంటే తగ్గి, ఆ చోటంతా నాచు ఆక్రమించింది. తొట్టెలోనూ టర్బో నత్తలు, టాంగ్ చేపలు చేసే పనిని ఏ సీసా మందూ చేయదు.

ఇక యాంటీబయాటిక్ సంగతి. ఎర్రటి పొరలా పరుచుకునేది నాచు కాదు, సయానోబాక్టీరియా. ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ దాన్ని చంపగలదు, కానీ అమ్మోనియాను శుద్ధిచేసే మేలుచేసే బాక్టీరియాకూ ముప్పు తెస్తుంది, పచ్చనాచు మీద ప్రయోజనమూ ఉండదు. ఆ తరువాత మందు కలిసిన నీరు మురుగుకాలువలో కలుస్తుంది. మందులకు లొంగని బాక్టీరియా గురించి మీ పత్రికే తరచూ హెచ్చరిస్తున్నప్పుడు, వైద్యుడి చీటీ లేకుండా అమ్మకూడని మందును అక్వేరియంలో పోయమని అదే పత్రికలో రావడం విచారకరం. కనీసం ఆ ఒక్క వాక్యానికైనా వచ్చే ఆదివారం సవరణ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
హైదరాబాద్