అన్నానికి వెళ్లినా బల్లెం తోడు

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను రిటైరైన బడిపంతుల్ని. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూడెకరాల జీడితోట ఉంది. మా అమ్మాయి, అల్లుడు కెన్యా రాజధాని నైరోబీలో ఉంటారు. మొన్న ఆగస్టులో మా ఇద్దర్నీ పిలిపించి, అక్కడి వన్యప్రాణుల రిజర్వు మసాయి మారాని ఆనుకుని ఉన్న అడవిలో మూడు రాత్రులు టెంటులో ఉంచారు. అద్దె ఎంతని అడిగితే అల్లుడు మాట మార్చేశాడు. అడవిలో గుడారమే కదా, చవకే అయ్యుంటుందనుకున్నాను. తర్వాత తెలిసింది, పక్కనున్న మారా రిజర్వులో అడుగు పెట్టడానికే ఆ సీజన్లో విదేశీయుడికి రోజుకి 200 డాలర్లట. ఆ పూట నాకు కాఫీ కూడా సయించలేదు.

నైరోబీ విల్సన్ ఎయిర్‌పోర్టులో చిన్న విమానం ఎక్కాం. మనిషికి 15 కిలోలే, అదీ మెత్తటి బ్యాగులోనే తేవాలి. మా ఆవిడ ఆవకాయ సీసా అమ్మాయి ఇంట్లోనే ఉండిపోయింది. దిగిన చోట రన్‌వే అంటే మట్టిబాటే. మేం దిగేముందు ఒక జీపు అటూ ఇటూ తిరిగి జీబ్రాల్ని తోలింది.

టెంటు అంటే మన పెళ్లి షామియానాలాంటిది అనుకుని వెళ్లాను. తీరా చూస్తే చెక్క అరుగు మీద మందపాటి కాన్వాసు గది, లోపల పందిరి మంచం, తలుపుకి బదులు జిప్పు. స్నానానికి కుళాయి లేదు. వేడినీళ్లు కావాలని కేకేస్తే బయట కుర్రాడు బకెట్టు నింపి తాడుతో పైకి లాగుతాడు, మనం లోపల గొలుసు లాగితే జల్లు పడుతుంది. సబ్బు రాసుకుంటుండగా బకెట్టు ఖాళీ అయితే ఎవరి ఖర్మ వాళ్లది. ఆ ప్రాంతం ఎత్తు మీద ఉండటంతో రాత్రిళ్లు బాగా చలి. మొదటి రాత్రి మా ఆవిడ రగ్గు కింద కాలు చాపి "వెచ్చగా ఏదో ఉందండీ!" అని గావుకేక పెట్టింది. మేం భోజనానికి వెళ్లినప్పుడు పక్కలో పెట్టిపోయిన వేడినీళ్ల రబ్బరు సంచి అది.

ఇక నేను ఈ ఉత్తరం రాయడానికి కారణం. ఆ క్యాంపుకి కంచె లేదు. చీకటి పడ్డాక భోజనాల టెంటుకి వెళ్లాలన్నా, గట్టిగా యాభై అడుగులుండదు, ఒంటరిగా వెళ్లనివ్వరు. టార్చి ఊపాలి. ఎర్ర దుప్పటి కప్పుకున్న మసాయి మనిషి, అంటే పశువులు కాసే అక్కడి తెగవాడు, బల్లెం పట్టుకుని వస్తాడు. కాపలావాడిని అక్కడ అస్కారి అంటారు, స్వాహిలీ మాట. రెండో రాత్రి సగం దారిలో అతను చెయ్యి అడ్డం పెట్టి మమ్మల్ని ఆపేశాడు. పొద పక్కన నల్లటి బండరాయి లాంటిది. పరపరా గడ్డి పీకుతున్న చప్పుడు. నీటిగుర్రం! పగలంతా ఏట్లో పడుండి, రాత్రి మేతకి గట్టెక్కుతుందట. అది తనంతట తాను కదిలిపోయేదాకా ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. మా ఆవిడ నా చొక్కా పట్టుకున్న పట్టుకి రెండు బొత్తాలు ఊడిపోయాయి.

మర్నాడు మంట దగ్గర ఆ అస్కారితో కూర్చున్నాను. నా ఇంగ్లీషూ అతని ఇంగ్లీషూ అంతంతమాత్రమే కాబట్టి బాగా కుదిరింది. మీ ఊళ్లో సింహాలున్నాయా అని అడిగాడు. సింహాల్లేవు, ఎలుగుబంట్లున్నాయి, తోటల్లోకి వస్తాయి అన్నాను. 2022 జూన్లో మా మండలంలోని కిడిసింగిలో ఎలుగు దాడికి మనిషి ప్రాణం పోయిన సంగతి కూడా చెప్పాను. "మరి తోటకి వెళ్లేవాళ్లకి తోడు ఎవరొస్తారు?" అన్నాడు. నేను కర్రతో నిప్పులు ఎగదోస్తూ ఉండిపోయాను.

మా మరదలు తెల్లవారుజామున నాలుగున్నరకి జీడిపిక్కలు ఏరడానికి వెళ్తుంది. పొద్దెక్కితే ఎండ, పైగా ఆలస్యమైతే ఇంకెవరో ఏరుకుపోతారని భయం. చేతిలో గోనెసంచి, సెల్‌ఫోన్ లైటు. రాలిన జీడిపళ్ల కోసం, పనసపళ్ల కోసం ఎలుగు వచ్చేదీ ఆ వేళకే. మనిషి అలికిడికి తప్పుకుంటుందని దారంతా గట్టిగా పాడుకుంటూ పోతుంది. మొగలిపొదల దగ్గరికి వచ్చేసరికి గొంతు ఇంకా పెంచుతుంది. రెండేళ్ల కిందట పక్క తోటాయన తొడ చీరేసింది ఎలుగు. పరిహారం కాగితాల కోసం ఆయన కుంటుకుంటూ ఎన్నిసార్లు తిరిగాడో రాస్తే మీ పేజీ చాలదు.

మేమున్న నేల పేరు నబోయిషో. ఐదొందల దాకా మసాయి కుటుంబాలు తమ భూమి చెక్కలన్నీ కలిపి, సుమారు 50 వేల ఎకరాలు, 2010 నుంచి క్యాంపులవాళ్లకి లీజుకిచ్చాయి. వాళ్ల భాషలో నబోయిషో అంటే కలిసి రావడమట. టూరిస్టులు వచ్చినా రాకపోయినా అద్దె వస్తుంది. వంతులవారీగా పశువుల్నీ మేపుకుంటారు. సింహం ఆవుని ఎత్తుకుపోతే కడుపు మండదా అంటే, ఎందుకు మండదు, కానీ సింహం లేకపోతే అద్దె ఎవడిస్తాడు అన్నాడు అస్కారి. అంతా బంగారమేం కాదు. పట్టాలు ఎక్కువగా మగవాళ్ల పేరు మీదే, మన దగ్గరలాగే.

మన జిల్లాలోనూ సముద్రం ఒడ్డున, ఏటా వలస పక్షులు వచ్చి గూళ్లు కట్టే తేలినీలాపురం దగ్గర టెంట్లు వేస్తే బాగుంటుందని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. వేయండి. కానీ అద్దె కాగితంలో భూమిగలవాళ్లకి, పెరటి చెట్ల మీద కొంగల గూళ్లని, కింద రెట్టల కంపునీ భరిస్తున్న ఇంటివాళ్లకి వాటా ముందు రాయండి.

అంతకంటే ముందు ఉద్దానానికి అస్కారిలు కావాలి. మార్చి నుంచి జూన్ దాకా, తెల్లవారుజాము నాలుగు నుంచి ఏడు వరకు, ఊరికి నలుగురు కుర్రాళ్లు చాలు. ఇసుకలో ఎలుగు అడుగు చూసి అది రాత్రిదో ఇప్పటిదో చెప్పగలవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు. పని లేక చెన్నై, హైదరాబాద్ పోతున్నారు. వాళ్లకి తలా ఒక టార్చి, ఒక డప్పు, రోజు కూలి ఇస్తే సరిపోతుంది. సంబంధిత అధికారులెవరైనా వచ్చి చూస్తానంటే మా మరదలి తోటకి దారి నేనే చూపిస్తాను. నాలుగున్నరకల్లా రావాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
వజ్రపుకొత్తూరు మండలం, శ్రీకాకుళం జిల్లా.